నా బకెట్టు నీళ్ళు ఎటు పోయాయి

నా పేరు రాహేలమ్మ. దుర్గ్ పక్కన రిసాలిలో, తెలుగు పిల్లలు ఎక్కువగా ఉన్న ఒక హిందీ బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఆయాగా పనిచేసి దిగిపోయాను. సంతకం పెట్టగలను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోగలను. అంతకు మించి చదువు లేదు. అయినా ఆ బడి పిల్లలకి చెరువు పాఠం చెప్పిన మనిషిని నేనే. పక్కన సైన్సు టీచరు ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ బడిలోకి ఇద్దరు కొత్త ఆయాలు, ఒక కొత్త టీచరు వచ్చారట. "ఆయమ్మా, మీ పని ఎలా ఉండేదో చెప్పండి, వాళ్ళ చేత చదివిస్తాను" అని సుధా మేడం అడిగింది. ఆ సైన్సు టీచరు ఆవిడే. నేను చెప్తూంటే మా కోడలు రాస్తోంది. కోడలిది పలాస, తెలుగు చక్కగా రాస్తుంది. నేను మాట్లాడినట్టే రాస్తే సగం జనానికి అర్థం కాదని పుస్తకాల తెలుగులోకి మారుస్తోంది. మార్చుకోమన్నాను. కానీ ఎవరు ఎవరితో ఏ మాట అన్నారో ఆ మాట ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను.

నా ఉద్యోగం ఎప్పుడు పర్మనెంటయిందో, సెలవు చీటీ ఎవరికివ్వాలో ఇందులో ఉండవు. అవి ఆఫీసులో చెప్తారు. ఆఫీసులో చెప్పనివి నేను చెప్తాను.

వాసన రావాలి

మా ఆయన ఉక్కు ప్లాంటులో ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద, పనిచేసేవాడు. జ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయాడు. అప్పుడు మేము క్యాంప్ 2 అనే కూలీల పేటలో ఉండేవాళ్ళం. పక్కింటి బిమలా బాయి ఈ బడిలో ఆయా. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని గుమ్మంలో కూర్చున్న నన్ను చెయ్యి పట్టుకుని లేపి బడికి తీసుకెళ్ళింది. పని నేర్పింది కూడా ఆమే.

ఆయా పని అంటే గంట కొట్టడం, గదులు ఊడవడం అనుకుంటారు. అది తక్కువ భాగం. చిన్న పిల్లాడు వాంతి చేసుకుంటే తోటివాళ్ళు నవ్వకముందే వాణ్ణి బయటికి తీసుకుపోవడం ఆయా పని. ఆరో తరగతి పిల్ల బెంచీ మీద నుంచి లేవకుండా బిగుసుకుని కూర్చుంటే, ఎందుకో అడక్కుండా తెలుసుకుని ఒక చున్నీ తెచ్చి ఆమె నడుముకి చుట్టడం ఆయా పని. టీచర్లకి కనపడనివి మనకి కనపడతాయి, ఎందుకంటే మనం కింది నుంచి చూస్తాం.

అన్నిటికన్నా పెద్ద పని మాత్రం వాసన. బిమలా బాయి నాకు చెప్పిన మొదటి సూత్రం అది. నేల మెరిస్తే చాలదు, ఫినాయిలు వాసన గుప్పుమనాలి. వాసన రాకపోతే నువ్వు కడగలేదనే అనుకుంటారు. మా ప్రిన్సిపల్ సాబ్ గేటు దాటగానే ముక్కు ఎగరేసేవాడు. గుప్పుమంటే "శాబాష్ బాయీ" అనేవాడు. లేకపోతే ఆ రోజంతా మా వైపు చూసేవాడు కాదు. అందుకని మూతతో పోయాల్సిన చోట గ్లాసుతో పోసేదాన్ని. ఆ బకెట్టు నీళ్ళు కంచె పక్కన పారబోసేదాన్ని. అక్కడ గడ్డి కూడా మొలిచేది కాదు. ఇన్నేళ్ళు చూసీ, ఎందుకు మొలవదని ఒక్కసారి అడగలేదు నన్ను నేను.

రెండో సూత్రం ఇంకా గట్టిది. స్టోర్లో ఖాళీ డబ్బా చూపిస్తేనే కొత్త డబ్బా ఇస్తారు. వేసవి సెలవులు అయ్యేసరికి ఫినాయిలు మిగిలిపోయిందనుకోండి, "మీకింత అక్కర్లేదన్నమాట" అని స్టోర్ బాబు కొత్త ఏడాదికి కోత పెట్టేస్తాడు. అందుకని జూన్‌లో బడి తెరవడానికి రెండు రోజుల ముందు గదులన్నీ కడిగే రోజున, మిగిలిన నల్ల ఫినాయిలు, లెట్రిన్ల యాసిడ్ అంతా నాలీలో, అదే మురిక్కాలవలో, గుమ్మరించి, డబ్బాలు కడిగి, ఎండబెట్టి, వరసగా పేర్చి చూపించేవాళ్ళం. మా ముందువాళ్ళూ అలాగే చేశారట. దాన్ని మేము తెలివి అనుకున్నాం. బిమలా బాయి దిగిపోయాక ఆ గుమ్మరించే పని నాదే అయింది. నాలీ గోడ కింద నుంచి బేషరమ్ అనే పిచ్చి పొదల్లోకి పోయేది. అవతల మున్సిపాలిటీ పెద్ద కాలవలో కలుస్తుందని బిమలా బాయి చెప్పింది. ఆమెకి ఎవరు చెప్పారో తెలీదు.

ఈ రెండు సూత్రాలూ గుర్తు పెట్టుకోండి. కథంతా వీటి మీదే ఉంది.

టీచరు పుస్తకం తెచ్చింది, నేను చెయ్యి పెట్టాను

బడి వెనక గోడ దాటి కొంచెం నడిస్తే చెరువు. పెద్దదేం కాదు. ఒక వైపు మెట్లు, అక్కడ బట్టలుతికే బండలు. మిగతా మూడు వైపులా నాచు, తుంగ, బురద.

సుధా మేడం కొత్తగా వచ్చినప్పుడు పిల్లల్ని చెరువుకి తీసుకెళ్తానని పట్టుబట్టింది. పెద్దవాళ్ళు ఇద్దరుంటేనే పంపిస్తానన్నాడు ప్రిన్సిపల్ సాబ్. వేరే టీచర్లు ఎవరూ ఎండలో రామన్నారు. అలా నన్ను పంపించారు. సుధా మేడం తాతలది విజయనగరం వైపే గానీ ఆమె పుట్టింది, చదివింది ఇక్కడే. తెలుగు వెతుక్కుని మాట్లాడుతుంది.

గట్టు మీద నిలబడి పుస్తకం తెరిచి "జీవావరణం అంటే" అని మొదలుపెట్టింది. పిల్లలు ఒకరి జడ ఒకరు లాక్కుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. నేను నాగావళి ఒడ్డున పుట్టినదాన్ని, నీళ్ళ దగ్గర నోరు ఊరుకోదు.

"మేడమ్, ఆ బుక్కు మూసీయండి ఒకపాలి. ఒరే, నోర్మూసుకుని అందరూ కూకోండి. ఒక్కడు కదిలినా నాను ఎల్లిపోతాను" అన్నాను.

కూర్చున్నారు. కాసేపటికి నీటికోడి తుంగలోంచి బయటికి వచ్చింది. నీరుకట్టె తల ఎత్తి మళ్ళీ మునిగింది. నేను నీళ్ళలో చెయ్యి పెట్టి ఒక నాచు ముద్ద తీసి తెల్ల పళ్ళెంలో వేశాను. అందులోంచి తూనీగ పిల్లలు, నత్తలు, చిటికెన వేలు గోరంత పరక చేపలు కదులుతూ బయటికి వచ్చాయి. పిల్లల తలలన్నీ పళ్ళెం మీదికి వంగాయి.

"ఆయమ్మా, ఇవి ఏం తింటాయి?"

"నన్నడుగుతావేటి? నువ్వే సూడు. ఎవుడు ఎవుణ్ణి తింతన్నాడో సూసి సెప్పు."

సుధా మేడం పుస్తకం సంచిలో పెట్టేసింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ వాటా కుదిరింది. పేర్లు ఆమెవి, పళ్ళెం నాది.

టీచర్లకి ఒక మాట. పిల్లల్ని చెరువు ముందు నిలబెట్టి "మనిషి ప్రకృతిని నాశనం చేస్తున్నాడు" అనకండి. ఆ మనిషి ఎవరో వాళ్ళకి తెలీదు. ఎక్కడో ఉంటాడనుకుంటారు. మా ఊళ్ళో ఏం జరిగినా పెద్ద చిమ్నీల వైపు వేలు చూపించి చేతులు దులుపుకోవడం అలవాటు. "మీ ఇంట్లో పొద్దున్న తోమిన గిన్నెల నీళ్ళు ఎటు పోయాయి?" అని అడగండి. ఒక్క పిల్లాడు కూడా చెప్పలేడు. పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది. అడగడం నాకు బాగానే వచ్చింది. నన్ను నేను అడుక్కోవడం రాలేదు.

ఇంకో నియమం పెట్టాను. వారానికి ఒకసారి, ఒకే చోట నిలబడి, ఏం కనిపిస్తే అది నోట్‌బుక్కులో రాయాలి. ఏమీ కనపడకపోతే "ఏమీ లేదు" అని రాయాలి. రాయడం రాని ఆయమ్మ రాయమంటోందని పిల్లలు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, రాశారు.

అందంగా చేసిన ఏడాది

మా తప్పు ఒకటి చెప్పాలి, అది ఇద్దరిదీ. ఒక ఏడు చెరువు శుభ్రం చేద్దామని బయలుదేరాం. ప్లాస్టిక్ సంచులు తీశాం, మంచిదే. చేతికి ఊపొచ్చి నాచు పీకేశాం, తుంగ కోసేశాం, గట్టు గీకేశాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ప్రిన్సిపల్ సాబ్ పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీయించాడు.

ఆ వానాకాలం పళ్ళెంలోకి ఏమీ రాలేదు. తూనీగల్లేవు. నీటికోడి గూడు కట్టలేదు. వారం వారం పిల్లలు "ఏమీ లేదు" అని రాశారు. ఆఖరికి ఒక పిల్లాడు అడిగాడు.

"ఆయమ్మా, ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ ఇంట్లోవాళ్ళని కూడా ఊడ్చేశామా?"

సుధా మేడం మొహం చిన్నబోయింది. నేను మాత్రం నవ్వేశాను. నవ్వాను గానీ ఆ మాట లోపల ఉండిపోయింది. శుభ్రం అంటే నాకు నేల. నేల మీద ఏదీ ఉండకూడదు. నీళ్ళలో ఏదీ లేకపోతే అది శుభ్రం కాదని యాభై దాటాక తెలిసింది.

నాచు రెండేళ్ళలో తిరిగి వచ్చింది. వచ్చిన రోజున సుధా మేడం అందరికీ జిలేబీ పంచింది. బురద చూసి జిలేబీ పంచిన బడి మాది ఒక్కటే అయ్యుంటుంది.

లక్ష్మి నోట్‌బుక్కు

లక్ష్మి ఎనిమిదో తరగతి పిల్ల. వాళ్ళమ్మ అప్పలనరసమ్మ చెరువు మెట్ల మీద బట్టలుతికి, రోడ్డు మలుపులో బండి మీద ఇస్త్రీ చేస్తుంది. వాళ్ళది శ్రీకాకుళం దగ్గర పల్లె. నన్ను వదినా అంటుంది, నేనూ వదినా అంటాను. ఇల్లు చెరువు గట్టునే ఉంది కాబట్టి లక్ష్మి సెలవుల్లో కూడా నోట్‌బుక్కు రాసేది. ఎవరూ రాయమనలేదు. నియమం అంటే నియమమే ఆ పిల్లకి.

ఆ పిల్ల ఎనిమిదిలోకి వచ్చిన ఏడు జూన్‌లో, బడి తెరవడానికి ముందు, చెరువులో చేపలు తేలాయి. ఏటా కొన్ని తేలేవి. ఎండకి నీళ్ళు మరిగి చచ్చాయనేవాళ్ళు, నేనూ అదే అనేదాన్ని. ఈసారి నీళ్ళు మరీ అడుక్కి పోయాయి. గట్టంతా పరకలు, జెల్లలు, బోర్లాపడ్డ కప్పలు. కంపుకి పేట పేటంతా బయటికి వచ్చింది. అక్కడ పెద్దగా తిరిగే ఒకాయన ఉండేవాడు, అందరూ భయ్యాజీ అంటారు. ఆయన వచ్చి చూసి తీర్పు చెప్పేశాడు. బట్టల సోడా వల్లే ఇదంతా. సోమవారం నుంచి మెట్ల మీద ఉతకడం బంద్.

గురువారం బడి తెరిచాం. మధ్యాహ్నం గంట కొట్టి వస్తుంటే అప్పలనరసమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"వదినా, సోమారం నుంచి గట్టు దిగొద్దంట. భయ్యాజీ సెప్పీసినాడు. ఇరవయ్యేళ్ళ నుంచి అదే సోడా ఏత్తన్నాను. అప్పుడు సావని సేపలు ఇప్పుడెందుకు సత్తాయే? పిల్లల్ని సెరువు కాడికి తెత్తావు గదా, నీకు తెలుత్తాది. సెప్పు, నా సోడాకేనా?"

"నాకేటి తెల్సు వదినా. సూద్దాం ఉండు" అన్నాను.

"సూద్దాం సూద్దాం అంటే సోమారం వొచ్చీత్తాది. ఆ మెట్లు పోతే నాను ఏటి తినాల? ఇంట్లో కుళాయికి బిందె నిండడానికే గంట పడతాది."

సుధా మేడంకి చెప్పాను. ఆమె శుక్రవారం క్లాసులో అదే పాఠం పెట్టింది. చేపలు ఎందుకు చచ్చాయి? ఎవరి దగ్గర ఏం రాసి ఉంటే అది చదవండి. అందరి నోట్‌బుక్కులూ సెలవుల్లో ఖాళీయే. లక్ష్మి ఒక్కతే లేచింది. హిందీలో రాసుకుంది. నేను తెలుగులో చెప్తున్నాను.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు. మూల పొదల దగ్గర నాలీలోంచి పాలలాంటి నీళ్ళు వచ్చాయి. సాయంత్రం కప్పలు గట్టు మీదికి ఎక్కాయి. మర్నాడు చేపలు పైకి వచ్చాయి.

పేజీలు వెనక్కి తిప్పింది. పోయిన ఏడాది. బడి తెరవడానికి రెండు రోజుల ముందు. మళ్ళీ పాలు. మర్నాడు చేపలు, కొన్ని.

క్లాసులో గోల లేచింది.

"పాలా? అయితే ఖటాల్ వాళ్ళే మేడమ్! గేదెల షెడ్డు అటే ఉంది."

"ఖటాల్ వాళ్ళు పాలల్లో నీళ్ళు పోత్తారు గానీ, నీళ్ళల్లో పాలు పోత్తారేట్రా?"

అందరూ నవ్వారు. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. నాకు నవ్వు రాలేదు. నల్ల ఫినాయిలు నీళ్ళలో పడితే ఏ రంగులోకి తిరుగుతుందో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. ఆ నాలీ పెద్ద కాలవలో కలవడం లేదు.

సుధా మేడం నా వైపు తిరిగింది. "ఆయమ్మా, ఆ తెల్ల పానీ ఏమయ్యుంటుంది? మీకు ఏమైనా ఐడియా?"

"తెలీదు మేడమ్" అన్నాను.

ఆ బడిలో నేను తెలిసి చెప్పిన తప్పు పాఠం అదొక్కటే.

సాయంత్రం ఇంటికి పోతుంటే అప్పలనరసమ్మ బండి దగ్గర ఆపింది. ఆదివారం చర్చికి కట్టుకునే నా తెల్ల చీర ఇస్త్రీ చేసి, కాగితం చుట్టి ఇచ్చింది.

"నీకు సేసేది ఇదే ఆకరేమో వదినా. బాగా తెల్లగా తీసినాను సూసుకో."

ఆ చీర ఆ చెరువులో ఉతికిందే. చేతిలో ఇంకా వేడిగా ఉంది.

గ్లాసెడు నీళ్ళు, ఒక మూత

శనివారం క్లాసు మొదలవగానే గాజు గ్లాసులో నీళ్ళు, ఒక డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళాను. సుధా మేడం ఆగి చూసింది.

"లచ్చిమీ, ముందుకి రా. అందరూ ఇటు సూడండి" అన్నాను.

డబ్బా మూత నిండా నల్ల ఫినాయిలు పోసి, గ్లాసులో వంచాను. నలుపు నీళ్ళలోకి దిగుతూనే తెల్లబడింది. గ్లాసు నిండా పాలు.

"నువ్వు సూసిన పాలు ఇవేనా?"

లక్ష్మి వాసన చూసింది. "ఇవే ఆయమ్మా."

"ఎవులు పోసినారో తెల్సా? నానే. ఈ యేడు నానే, పోయినేడూ నానే. అంతకు ముందూ నానే. డబ్బా కాళీ సెయ్యాలని పోసీసినాను. మీ సేత నీళ్ళు ఎటు పోతాయి నీళ్ళు ఎటు పోతాయి అని అడిగించినాను గానీ, నా బకెట్టు నీళ్ళు ఎటు పోతన్నాయో నాను సూడలేదు."

లక్ష్మి మెల్లిగా అడిగింది.

"మరి మా అమ్మది కాదా ఆయమ్మా?"

"మీ అమ్మ సోడా కూడా నీళ్ళకి మంచిది కాదమ్మి. అది తరవాత సూద్దాం. కానీ ఈ సేపల్ని సంపింది మీ అమ్మ కాదు."

ఆ పిల్ల ఏడ్చేసింది. ఎందుకో నేను అడగలేదు.

మధ్యాహ్నానికల్లా ప్రిన్సిపల్ సాబ్ నుంచి పిలుపు వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై గదుల బడి నడిపేవాడికి రోజూ ఏదో ఒక భయం ఉంటుంది. ఆయన హిందీలో అన్నది ఇలా ఉంది.

"రాహేల్ బాయీ, బడి పేరు పోతుంది. ఎండకి చచ్చాయని చెప్పేద్దాం. ఎండకి పేరు పోదు కదా. నువ్వు గట్టు దగ్గరికి పోకు. ఊరుకుంటే నీకూ ఏం కాదు, నాకూ ఏం కాదు."

"అప్పలనరసమ్మకి అవుతుంది సాబ్."

"ఆమె ఎవరు?"

"మీరు వేసుకున్న చొక్కా ఉతికిన మనిషి సాబ్."

ఆయన చొక్కా వైపు చూసుకున్నాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు. "సోమవారం గట్టు మీద కనిపిస్తే మెమో ఇవ్వాల్సి వస్తుంది" అన్నాడు.

ఆదివారం ఆ తెల్ల చీర కట్టుకునే చర్చికి వెళ్ళాను. పాస్టరు ఏం చెప్పాడో ఒక్క ముక్క చెవిలో పడలేదు. దిగిపోవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. చిన్నవాడికి ఇంకా పని కుదరలేదు. ఉద్యోగం పోతే ఏమిటన్న భయం నాకు లేదని ఇప్పుడు గొప్పకి చెప్పను. ఉంది.

మెట్ల మీద

సోమవారం పొద్దున్న డబ్బా, మగ్గు పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను. భయ్యాజీ నలుగురు మనుషుల్ని, ఒక బోర్డుని తెచ్చాడు. అప్పలనరసమ్మ బట్టల మూట మీద కూర్చుని ఉంది, లేవడం లేదు. లక్ష్మి బడి డ్రెస్సులో, నోట్‌బుక్కు గుండెకి హత్తుకుని నిలబడింది. సుధా మేడం స్కూటీ వేసుకుని నా వెనకే వచ్చింది. రమ్మని నేను పిలవలేదు.

మగ్గులో చెరువు నీళ్ళు ముంచి, అందరి ముందూ మూతెడు ఫినాయిలు కలిపాను. లక్ష్మి రెండేళ్ళ పేజీలూ చదివింది.

"అరే మాజీ, మీరెందుకు ఇందులో పడుతున్నారు?" అన్నాడు భయ్యాజీ. "వయసులో పెద్దవారు, ఇంటికెళ్ళండి."

"పోసింది నాను భయ్యా. నాను కాకపోతే ఎవులు పడతారు? ఆ బోర్డు పాతాలంటే మా బడి నాలీ కాడ పాతు. నాను పట్టుకుంటాను, నువ్వు సుత్తి కొట్టు."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో ఆయనకి ఊపు తగ్గింది. బడి మీద కంప్లెయింట్ రాస్తామని కాసేపు గట్టిగా అన్నాడు. బోర్డు మాత్రం వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది.

అప్పలనరసమ్మ నన్ను మెచ్చుకుంటుందని అనుకున్నానేమో. మూట మీద నుంచి లేచి, నడుం మీద చేతులు వేసుకుంది.

"ఓలమ్మోలమ్మా! యేడాదికోపాలి నువ్వు ఇసం పోత్తావు, మాటలు నాను పడతాను! ఎండకి సచ్చినాయని నా బండి కాడ కూకుని టీ తాగుతా సెప్పినావు గదే! సిగ్గు లేదేటి నీకు?"

"ఉంది. అందుకే వొచ్చినాను."

"సుక్కురోరం నీ సీర ఇత్తిరీ సేసినప్పుడు తెల్సా నీకు?"

"తెల్సు."

"తెల్సీ తీసుకున్నావు!"

"తీసుకున్నాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అయితే మళ్ళీ నలపకుండా కట్టుకో. రెండోపాలి నాను సెయ్యను" అని మూట విప్పి, మెట్లు దిగి, మొదటి బట్ట నీళ్ళలో ముంచింది. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే ఉంటుందని భయపడ్డాను కూడా. శ్రావణంలో ఒక సాయంత్రం బండి ముందు నుంచి పోతుంటే "ఏటి, టీ వొద్దేటి?" అంది.

మెమో సంగతి

మెమో వచ్చింది. చదవడం రాదు కాబట్టి లక్ష్మి చేతే చదివించుకున్నాను. అందులో నిర్లక్ష్యం అనే మాట ఉంది. అర్థం అడిగితే "చూసుకోకపోవడం ఆయమ్మా" అంది.

"అయితే సరిగ్గానే రాసినారు" అన్నాను. సంతకం పెట్టాను.

ఉద్యోగం పోలేదు. సుధా మేడం ప్రిన్సిపల్ సాబ్ గదిలో గంటసేపు కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. వారం తిరిగేసరికి స్టోర్ బాబు పద్ధతి మార్చాడు. మిగిలిన డబ్బా తెచ్చి చూపించొచ్చు, కోత ఉండదు. ఇంత చిన్న మాట. ఈ మాట ఇన్నేళ్ళు మేమెవరం అడగలేదు, ఆయనా చెప్పలేదు. మురికి చెరువులోకి పోకుండా అక్కడే ఆగేలా నాలీ చివర గుంట తవ్వి, రాళ్ళు వేసి, చుట్టూ మెట్టతామర నాటాం. ఆ మట్టి పిల్లలే మోశారు.

ముక్కు ఎగరేసే అలవాటు ప్రిన్సిపల్ సాబ్‌కి పోవడానికి మాత్రం ఏడాది పట్టింది. "వాసన రావడం లేదు బాయీ" అనేవాడు. "అందుకే కప్పలు అరుస్తున్నాయి సాబ్" అనేదాన్ని.

సోడా ఏమీ చెయ్యదని నేను అనను. అప్పలనరసమ్మకి నేను చెప్తే వినేది కాదు, నాకా హక్కూ లేదు. లక్ష్మే వాళ్ళమ్మతో పోట్లాడి గట్టు పైన ఒక సిమెంటు తొట్టి పెట్టించింది. సోడా నీళ్ళు అందులో, జాడించడం చెరువులో. సగం బాగుపడింది. మిగతా సగం ఇంకా ఉంది.

కొత్త ఆయాలకి చెప్పేది ఒక్కటే. ఫినాయిలు మూతతో కొలవండి. మీ ముందువాళ్ళు నేర్పినదాన్ని ఎందుకని ఒక్కసారి అడగండి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. బిమలా బాయి లేకపోతే నా పిల్లలు లేరు. ఆమెకి కూడా ఎవరూ చెప్పలేదు, అంతే. కొత్త టీచరుకి చెప్పేది, మీ తప్పు మీ దగ్గర ఉంటే దానికన్నా మంచి పాఠం పుస్తకంలో దొరకదు. నాలుగేళ్ళు ప్రతి కొత్త క్లాసుకీ మొదటి రోజు నేను గాజు గ్లాసు, ఒక మూత ఫినాయిలు పట్టుకెళ్ళేదాన్ని. "ఈ పాలు ఎవులు పోసినారో తెల్సా?" అని మొదలుపెట్టేదాన్ని. చెరువుకి తర్వాత వెళ్ళేవాళ్ళం, ముందు నాలీకి. ఏటా ఎవరో ఒక పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళ నాలీ ఎటు పోతుందో చూసి వచ్చేది. అంతకన్నా పెద్ద చదువు నేను చెప్పలేదు.

లక్ష్మి ఇప్పుడు దుర్గ్‌లో బీఎస్సీ చదువుతోంది. నోట్‌బుక్కు ఇంకా రాస్తుందట.

మొన్న జూన్‌లో, బడి తెరవడానికి రెండు రోజుల ముందు, నేను చెరువు మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాను. కొత్త ఆయాలు గదులు కడిగే రోజు అది. అప్పలనరసమ్మ మూట విప్పకుండా నా పక్కనే కూర్చుంది. ఇద్దరం మూల పొదల వైపే చూస్తున్నాం. గోడ అవతల చీపుళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఈ కొత్త ఆయాలు నీలాగ పోసీరు గదా?" అంది.

"ఏమో. సూద్దాం."

"మల్లీ సూద్దాం అంటావు!"

నీళ్ళు వచ్చాయి. ముందు ఎర్రమట్టి నీళ్ళు, తర్వాత సుద్దముక్కలు, ఒక పెన్సిలు ముక్క, ఎండుటాకులు. గుంటలో నిండి, మెట్టతామర మొదళ్ళలోంచి సన్నగా బయటికి వచ్చాయి. వచ్చినవి మామూలు నీళ్ళు. చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. తెల్లగా ఏమీ రాలేదు.

అప్పలనరసమ్మ లేచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, మెట్లు దిగింది. నీళ్ళ అంచున కూర్చున్న కప్ప ఒకటి ఆమె అడుగుకి బెదిరి లోపలికి దూకింది.

"పో, పో" అని దాన్ని కసిరి, బట్ట ముంచింది.